పాత కార్లలో ఆక్సిజన్ సెన్సర్ మార్పిడి

ఇంజన్‌లో ఇంధనం కాలాక వెలువడే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో పసిగట్టి, ఆ సంగతిని కారు కంప్యూటర్‌కు చేరవేసేది ఆక్సిజన్ సెన్సర్. దీనికే లాంబ్డా సెన్సర్ అని మరో పేరు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఈ సెన్సర్ 1976లో వోల్వో 240 కార్లతో వాడుకలోకి వచ్చింది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, కారు తన లోపాలను తానే పసిగట్టే ఓబీడీ-2 విధానం తప్పనిసరి కావడంతో, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఉండటం మామూలైంది. ముందున్నది ఇంధనం పాళ్లు సరిచూస్తుంది, వెనకున్నది కన్వర్టర్ పనితీరుపై కన్నేసి ఉంచుతుంది.

సెన్సర్ కొనలో ప్లాటినం పూత పూసిన జిర్కోనియా పింగాణీ ఉంటుంది. దానికి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి తగులుతాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి స్వల్పంగా వోల్టేజీ పుడుతుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే అది 0.9 వోల్టు దగ్గరికి చేరుతుంది, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి దిగుతుంది. ముందు సెన్సర్ బాగుంటే ఈ రెండింటి మధ్య చకచకా ఊగుతూనే ఉంటుంది. లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారులో ఆ ఊపు మందగిస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజన్ ఆయిల్, కూలెంట్, సిలికాన్ సీలెంట్ ఆవిర్లు తగిలితే సెన్సర్ ఇంకా ముందే పాడవుతుంది.

చెక్ ఇంజన్ లైటు వెలగగానే సెన్సర్ కొనేయడం డబ్బు దండగ. స్కానర్ చూపే కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది తప్ప ఏ భాగం మార్చాలో చెప్పదు. పి0135 వస్తే ముందు సెన్సర్‌ను వేడెక్కించే హీటర్ సర్క్యూట్ చూడాలి. మొదట ఫ్యూజు, తర్వాత వైర్లు, ఆపైనే సెన్సర్. పి0171 వస్తే ఎక్కడో గాలి లీకవుతుండవచ్చు. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో చిన్న పగులున్నా బయటి గాలి లోపలికి చొరబడి సెన్సర్‌ను పక్కదారి పట్టిస్తుంది. పి0420 చాలాసార్లు కన్వర్టర్ అరిగిపోయిన సంగతినే చెబుతుంది. అలాంటప్పుడు వెనక సెన్సర్ మారిస్తే ఫలితం ఉండదు.

కొనేటప్పుడు కారు మోడల్, సంవత్సరం, ఇంజన్ రకం మూడూ చూసి, అదే ప్లగ్గుతో వచ్చే సెన్సర్ తీసుకోవడం మేలు. వైర్లు కత్తిరించి అతికించుకునే రకం చవకే కానీ, చాలా సెన్సర్లకు బయటి గాలి వైర్ల లోపలి నుంచే అందుతుంది. సోల్డర్ చేస్తే ఆ దారి మూసుకుపోవచ్చు. టొయోటా 1990ల చివర నుంచి కొన్ని మోడళ్లలో ముందువైపు ఎయిర్-ఫ్యూయల్ రేషియో సెన్సర్ అమర్చింది. చూడటానికి మామూలు సెన్సర్‌లాగే ఉన్నా పనిచేసే తీరు వేరు, ఒకదాని చోట మరొకటి పనిచేయదు. అమెరికాలో సెకండ్ హ్యాండ్ క్యామ్రీ, కరోలా కొనుక్కునే తెలుగు విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు కష్టం విప్పడంలో ఉంది. ఏళ్ల తరబడి వేడికి, మంచు రోడ్ల మీది ఉప్పుకి మరలు తుప్పుతో బిగుసుకుపోతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. మర్నాడు ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపి, ఎగ్జాస్ట్ గొట్టం చేయి కాలనంతగా చల్లారాక మొదలుపెట్టాలి. కారు కిందికి దూరాల్సివస్తే జాక్‌ను నమ్ముకోకూడదు, సమతలం మీద స్టాండ్లు పెట్టి తీరాలి. సెన్సర్ తలకు సాధారణంగా 22 మిల్లీమీటర్ల స్పానర్ పడుతుంది. వైరు కోసం చీలిక ఉన్న సాకెట్, గట్టి పట్టు మీద విచ్చుకుని తల మూలలను అరగదీస్తుంది. అలా జారుతుంటే పాత సెన్సర్ ఎలాగూ పారేసేదే కనుక వైరు కత్తిరించి, చీలికలేని ఆరు మూలల సాకెట్ వేయాలి. విప్పేటప్పుడు మరీ బిగుసుకుంటే కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ నూనె వేసి తిప్పాలి. మొండిగా లాగితే గొట్టంలోని మరలు చెడిపోతాయి. అప్పుడు ఎం18x1.5 ట్యాప్‌తో వాటిని సరిచేసుకోవాలి.

కొత్త సెన్సర్‌ను కింద పడేయకూడదు, లోపలి పింగాణీ పగులుతుంది. చాలావాటి మరలకు బిగుసుకుపోని గ్రీజు ముందే పూసి ఉంటుంది. విడిగా పూయాల్సి వస్తే కొనకు అంటనివ్వకూడదు. మొదటి చుట్లు చేత్తోనే తిప్పి, తర్వాత తయారీదారు చెప్పినంత బిగించాలి. చాలా కార్లకు అది దాదాపు 40 న్యూటన్ మీటర్లు. వైరును పాత క్లిప్పుల్లోంచే తీసుకెళ్లాలి. వేడి గొట్టానికి తగిలితే అది కరిగి మళ్లీ లైటు వెలుగుతుంది.

స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే కంప్యూటర్ తన స్వీయ పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అవి పూర్తయ్యేలోపు కాలిఫోర్నియా స్మాగ్ చెక్ లాంటి కాలుష్య తనిఖీకి వెళ్తే కారు గట్టెక్కకపోవచ్చు. అందుకే కొన్నిరోజులు ఊళ్లోనూ హైవే మీదా నడిపి, పరీక్షలు ముగిశాయని స్కానర్‌లో చూసుకున్నాకే తనిఖీకి తీసుకెళ్లాలి.