మన్యం జ్వరం - మైదానం చూపు

పాపికొండల సందు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట దిగి, వశిష్ఠ పాయగా నరసాపురం చేరే గోదావరి శతాబ్దాలపాటు మనకు కొండల సరుకును మోసుకు వచ్చింది. పదిహేడవ శతాబ్దంలో నరసాపురం ఓడల నిర్మాణానికి పేరు పొందినప్పుడు, వాటికి కావలసిన కలప పై అడవులనుండి ఏటి వెంబడి దిగేది. వెదురు, చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకు కూడా అక్కడనుండే వచ్చాయి. అయితే సరుకు వచ్చినంత సులభంగా, దాన్ని సేకరించిన మనిషిని గురించిన జ్ఞానం రాలేదు. కోయలను గురించీ, కొండరెడ్లను గురించీ డెల్టావాసులకు తెలిసినదల్లా కొన్ని కట్టుకథలూ, ఒక జ్వరం పేరూను. ఈ అజ్ఞానం చరిత్రలో ఎలా తయారయిందో, వైద్యశాల గుమ్మం దాటి లోపలికి ఎలా ప్రవేశించిందో, దాన్ని తొలగించే చదువు ఎవరి నాయకత్వాన సాగాలో పరిశీలించవలసి వుంది.

1879లో రంప ప్రాంతం తిరగబడింది. మన్సబుదారు దోపిడీ, ఇంటి వాడకానికి గీసుకునే కల్లుమీద సైతం విధించిన పన్ను, మైదానపు వర్తకుల అప్పుపత్రాలు ఆ తిరుగుబాటుకు కారణాలు. దాన్ని అణచడానికి వెళ్ళిన పోలీసులూ, సైనికులూ జ్వరాలపాలయ్యారు. పాలకుల దృష్టిలో మన్యమంటే జ్వరం, జ్వరమంటే మన్యం అయింది. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులోనే మలేరియా పరాన్నజీవిని దోమ శరీరంలో కనుగొన్నాడు. రోగకారణం కొండలోనూ లేదు, కొండవాని రక్తంలోనూ లేదని శాస్త్రం తేల్చింది. కాని శాస్త్రం మారినంత త్వరగా చూపు మారలేదు. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అనే భావన స్వరాజ్యం వచ్చిన తరువాత కూడా ఉద్యోగివర్గాన్ని వదలలేదు. శిక్ష అనుభవించడానికి వచ్చాననుకునే వైద్యుడు తన ఎదుట నిలబడిన రోగిని ఆ శిక్షలో ఒక భాగంగా చూడడంలో ఆశ్చర్యమేముంది?

ఈ చూపుకు శాస్త్రమనే ముసుగు కూడా తొడిగారు. 1909లో దక్షిణ భారత కులాలను, తెగలను గురించి ఏడు సంపుటాలు ప్రచురించిన ఎడ్గర్ థర్‌స్టన్ వైద్యవిద్య చదివినవాడు, మద్రాసు మ్యూజియం అధికారి. కొలబద్దలు పట్టుకుని జనుల తలలనూ, ముక్కులనూ కొలిచాడు. ఆ సంపుటాలలో విలువైన సమాచారం లేదని కాదు. కాని వైద్యం చదివిన వ్యక్తి మనిషిని సమీపించి అడగవలసిన మొదటి ప్రశ్న "నీకేమి బాధ?" అన్నది. ఆ ప్రశ్న స్థానంలో ముక్కు వెడల్పు వచ్చి కూర్చున్నది.

తప్పంతా తెల్లదొరలదే అని మనం చేతులు దులుపుకోవడానికి వీలులేదు. మన యక్షగానాలలో ఎరుకలసాని సోదె చెప్పడానికే రంగం మీదికి వస్తుంది. చెంచులక్ష్మి కథలో చెంచుపిల్ల దేవుని వలపుకోసమే పుట్టినట్లు కనిపిస్తుంది. వేడుకకు పనికివచ్చిన ఆదివాసి వేదన చెప్పుకోవడానికి మన సాహిత్యంలో చాలాకాలం చోటు దొరకలేదు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. అయినా దాన్ని మోటుమాట అని నవ్వుతాము. కోయభాష గోండికి దగ్గరిదైన స్వతంత్ర ద్రావిడ భాష. దాన్ని భాషగానే లెక్కించము. వైద్య కళాశాలలో చేరే విద్యార్థి ఈ సంస్కారాన్ని ఇంటినుండే మూటగట్టుకుని వస్తాడు. కళాశాల ఆ మూట విప్పి చూపించదు.

దీనికి ఎదురుగా నిలిచిన మహోదాహరణ కూడా మన భాషలోనే వుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆయన వ్యావహారిక భాషోద్యమాన్ని స్మరిస్తాము. పర్లాకిమిడి పరిసరాలలోని సవరలకోసం ఆయన చేసిన కృషిని మాత్రం ఉపన్యాసం చివర ఒక వాక్యంతో ముగిస్తాము. ఆయన సవరలవద్దనే సవర నేర్చుకున్నారు, వారి బిడ్డలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. ఆ కొండలలో తిరిగినప్పుడు పట్టుకున్న జ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించిందని జీవితచరిత్రకారులు చెబుతారు. మన్యం మాట వినడానికి వెళ్ళి ఆయన చెవులు పోగొట్టుకున్నారు. రెండు చెవులూ వుండి ఆ మాట వినని విద్యావంతులకు ఇంతకన్న పాఠం ఏమి కావాలి?

ఉపాధ్యాయుల విషయంలో మరొక ప్రయత్నం జరిగింది. 1940లో కొమురం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల పరిశీలనను హైమండార్ఫ్‌కు అప్పగించింది. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండు యువకులే ఉపాధ్యాయులుగా తయారయ్యారు, గోండి వాచకాలు వచ్చాయి. బడికి ఒక మార్లవాయి దొరికింది. ఆసుపత్రికి అటువంటిది దొరకలేదు.

దాని ఫలితం 2009లో భద్రాచలం ప్రాంతంలో బయటపడింది. అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాలలో పది మొదలు పద్నాలుగేళ్ళ వయసు బాలికలకు, సుమారు పద్నాలుగు వేలమందికి, గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించే టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమమది. ఆ బాలికలలో చాలామంది హాస్టళ్ళలో వుండి చదువుకునే ఆదివాసి పిల్లలు. మహిళా ఆరోగ్య సంఘాల ఆందోళన తరువాత 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. కొందరు బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఉపయోగాన్ని కాదనడం ఇక్కడి వాదం కాదు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం బయటపెట్టిన సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకారపత్రాలలో 2,763 పత్రాలపై సంతకం చేసినవారు హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాలపై వున్నవి వేలిముద్రలు. కొండమీద వున్న తల్లిని అడగనక్కరలేదని నిశ్చయించినది ఎవరో ఒక దుర్మార్గుడు కాదు. "వాళ్ళకేం తెలుస్తుంది?" అనే పాత చూపు. మైదానపు పట్టణంలో ధనవంతుల బడిలో ఇలా జరిగేదా?

ఇతర దేశాలలో ఈ ప్రశ్నకు ఆదివాసులే సమాధానం వెతికారు. న్యూజీలాండులో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరి నర్సు "సాంస్కృతిక భద్రత" అనే భావనను సిద్ధాంతంగా రూపొందించింది. 1992లో అక్కడి నర్సింగ్ మండలి దాన్ని విద్యలో భాగం చేసింది. పత్రికలలో పెద్ద దుమారం లేచినా అది నిలిచింది. దాని సారం ఇది: రోగి తన భాషనూ, నమ్మకాన్నీ, గౌరవాన్నీ గుమ్మం బయట వదలకుండా చికిత్స పొందగలగాలి. పొందగలిగిందా లేదా అని తీర్పు చెప్పవలసింది వైద్యుడు కాదు, రోగి. కెనడాలో 2015లో సత్య సమన్వయ సంఘం వైద్య, నర్సింగ్ విద్యార్థులందరికీ ఆదివాసుల చరిత్ర బోధించాలని కోరింది. అయినా 2020 సెప్టెంబరులో జాయిస్ ఎచక్వాన్ అనే అటికమెక్ స్త్రీ క్విబెక్‌లోని ఒక ఆసుపత్రిలో, సిబ్బంది దూషణలను తన ఫోనులో రికార్డు చేసిన తరువాత ప్రాణం విడిచింది. ఆ మరణానికి జాతివివక్ష దోహదం చేసిందని విచారణాధికారిణి తేల్చింది. సిఫారసు కాగితం మీద వుంటే చాలదనడానికి ఇదే సాక్ష్యం.

మన దేశంలో 2019లో ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మారి, వైఖరి, నీతి, సంభాషణ అనే అంశాలకు స్థానం లభించింది. ఇది మంచి అడుగు. కాని రోగితో మర్యాదగా మాట్లాడమనడం ఒకటి, ఆ రోగి తాతముత్తాతలతో రాజ్యం ఎలా ప్రవర్తించిందో తెలియజెప్పడం మరొకటి. మొదటిది నడవడి, రెండవది చరిత్ర. చరిత్ర తెలియని నడవడి అలసట వేళ ఊడిపోతుంది.

డోలీలో రోగిని మోసుకువచ్చే చోట ముందు రోడ్డు వేయండి, డాక్టరును పంపండి, తరువాత సంస్కృతి మాట అనేవారున్నారు. రోడ్డు కావాలి, డాక్టరు కావాలి. కాని రోడ్డు వెంట వచ్చిన మనిషిని గుమ్మం దగ్గర కసిరితే ఆమె మళ్ళీ రాదు, ఇంకొకరిని రానివ్వదు. అప్పుడు మనమే "వాళ్ళు మూఢులు, ఆసుపత్రికి రారు" అని రాసుకుంటాము. వివక్ష తన తప్పును బాధితుని స్వభావంగా మార్చుకునే పద్ధతి ఇదే.

కనుక ఈ చదువును మైదానపు ఆచార్యులు గిరిజనులను గురించి చేసే ఉపన్యాసంగా మార్చకూడదు. కోయ, కొండరెడ్డి, సవర పెద్దలు, మన్యంలో ఆశాలుగా పనిచేస్తున్న ఆదివాసి స్త్రీలు బోధకులుగా రావాలి. వారికి బోధకుల వేతనం, బోధకుల గౌరవం దక్కాలి. 1879ని, 2009ని ఒకే పాఠంలో చదవాలి. ఏజెన్సీలో పనిచేసే ప్రతి వైద్యుడూ అక్కడి భాషలో "నీకేమి బాధ?" అని అడగడం నేర్వాలి. జవాబు విన్న తరువాతనే కాగితం మీద సంతకం అడగాలి.