ముక్కు మీద దురద

మధ్యాహ్నం రెండున్నర. గంట మోగింది. వనస్థలిపురం దాటాక కుసుమ్‌నగర్‌లో ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రం హాల్లో ఎవరి ఆసనం మీద వాళ్లు సర్దుకుంటున్నారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. సాగర్ రోడ్డు మీద లారీ హారన్ ఒకటి మోగి దూరమైంది. లోపల మాటల్లేవు. వచ్చిన రోజు రాత్రి మొదలైన మౌనం పదో రోజు పొద్దున్న గానీ వీడదు. ఫోను ఆఫీసులో అప్పగించేశారు. పుస్తకం లేదు, పెన్ను లేదు. పక్కన కూర్చునే పెద్దావిడ పేరేమిటో మీకు తెలియదు గానీ, ఆవిడ కాళ్లు మడిచినప్పుడల్లా మోకాలు చేసే చప్పుడు మాత్రం బాగా పరిచయం.

ఇవాళ ఐదో రోజు. కళ్లు మూసుకున్నారు.

స్పీకర్లో ఈ ధ్యానం నేర్పే గోయెంకా గారి గొంతు. మనిషి 2013లోనే పోయారు, గొంతు మాత్రం రోజూ తెల్లవారుజామునే నిద్రమత్తు వదిలిస్తోంది. వెనకే తెలుగు అనువాదం. గంటసేపు కళ్లు తెరవకూడదు, చేతులు కదపకూడదు, కాళ్లు మార్చకూడదు. ఇక్కడి మాటలో అధిష్ఠానం.

మొదటి మూడు రోజులూ చేసిందల్లా ఊపిరిని చూడటమే. గట్టిగా పీల్చి బిగబట్టే ప్రాణాయామం జోలికి పోనివ్వరు. గాలి ఏ ముక్కులోంచి ఆడుతోందో, పై పెదవి మీద ఎక్కడ తగులుతోందో, అంతే. ఒక పూట ఎడమ ముక్కు బిగుసుకుంటుంది, మరో పూట కుడిది. జలుబు చేసిందేమోనని మీరు కంగారుపడ్డారు కూడా. ముక్కు లోపలి పొర ఒకవైపు కొన్ని గంటలు ఉబ్బి, తర్వాత రెండోవైపు ఉబ్బడం చాలామందికి ఉన్నదే. ఎప్పటి నుంచో జరుగుతున్నా ఎవరమూ పట్టించుకోలేదు.

నాలుగో రోజు విపశ్యన నేర్పారు. దృష్టిని నడినెత్తి నుంచి అరికాలి దాకా ఒక్కో భాగం మీదుగా నడిపించాలి. ఏది తెలిస్తే అది చూడాలి. వేడి, తిమ్మిరి, నొప్పి, ఏదైనా సరే. ఇప్పుడు నుదురు దాటి కళ్ల మీదికి వచ్చారు. అక్కడి నుంచి పాప స్కూలు ఫీజుకి, ఫీజు నుంచి ఆడపడుచు పెళ్లిలో పెట్టిన చీరకి వెళ్లిపోయారు. చీర అంచు రంగు దగ్గర తెలివి వచ్చి మళ్లీ నుదుటికి వచ్చారు.

అప్పుడు మొదలైంది. ఎడమ ముక్కుపుటం అంచున, చీమ పాకినట్టు.

ముందు పట్టించుకోలేదు. పది ఊపిర్లు కాకముందే ఒంట్లో ఇంకేమీ లేదు, అదొక్కటే. కుడిచెయ్యి ఒళ్లోంచి లేవడానికి సిద్ధమైంది. చూపుడువేలు కొస అప్పుడే కదిలింది. ఒక్కసారి గోకితే పోతుంది, ఎవరు చూడొచ్చారు! గోకితే హాయిగా ఉండటానికి శరీరంలో కారణం లేకపోలేదు. గోరు పెట్టే చిన్న నొప్పి దురద కబురును వెన్నుపాము దగ్గరే కాసేపు నొక్కేస్తుంది. ఆ కాసేపూ అయ్యాక సంగతి మీకూ తెలిసిందే.

చెయ్యి ఆగింది. సరే, చూద్దాం. ఎంత మేర ఉంది? ఆవగింజంత. కాదు, పెరుగుతోంది. పెదవి దాకా వచ్చింది. మధ్యలో చురుక్కుమంటోంది, అంచుల్లో వేడిగా ఉంది. ఒకే తీరుగా కూడా లేదు, పోటు పోటుగా వస్తోంది. కంట్లో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగుసుకున్నాయని ఇప్పుడు తెలిసింది, దవడ వదిలారు. మళ్లీ పోటు. ఈసారి కాస్త తక్కువగానే ఉంది. తర్వాతది ఎక్కడుందా అని వెతుక్కోవలసి వచ్చింది.

ఎప్పుడు పోయిందో తెలియదు. సంబరపడేలోపు కుడి మోకాలు అందుకుంది.

ఐదింటికి బొరుగులు, అరటిపండు, టీ. చెట్ల కింద నడుస్తూ అనుకున్నారు, ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లకి ఇదంతా కుదిరే పనేనా అని. ఈ పద్ధతిని గోయెంకాకి నేర్పిన ఊ బా ఖిన్ సన్యాసి కాదు. బర్మాకి స్వాతంత్ర్యం వచ్చిన 1948లో అకౌంటెంట్ జనరల్ అయిన ఉద్యోగి. తన ఆఫీసు గుమాస్తాలకే ధ్యానం నేర్పినవాడు. మాండలేలో పుట్టిన వ్యాపారి గోయెంకా 1955లో ఆయన దగ్గరికి వెళ్లింది మోక్షం కోసమేం కాదు, మందులకు లొంగని మైగ్రేన్ పట్టుకుని వెళ్లారు. తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని ఊ బా ఖిన్ మొదట తిప్పి పంపబోయారట. నాకు ఈ కథలో ఆ లెక్కల అధికారే ఎక్కువ నచ్చుతాడు. పగలంతా దస్త్రాలతో, కింది ఉద్యోగుల తప్పులతో వేగినవాడికి దురద సంగతి తెలియకుండా ఉంటుందా?

పది రోజులూ అయ్యాక, ఇల్లు. పొద్దున ఆరున్నర. కేంద్రంవాళ్లు పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమన్నారు. పొయ్యి మీద పప్పు పెట్టి గంటసేపు కళ్లు మూసుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉంటే దణ్ణం పెట్టాలి. మీకు దొరికేది ఇరవై నిమిషాలు, అదీ పాప లేవకముందు. పడగ్గదిలో చాప మీద కూర్చున్నారు. తలుపు సందులోంచి అత్తగారు తొంగిచూశారు.

"ఏమ్మా, కూర్చునే కునుకు తీస్తున్నావా?"

"లేదత్తయ్యా, వస్తున్నా."

లేచి వంటింట్లోకి వెళ్లి పాల ప్యాకెట్ కత్తిరించారో లేదో, ఫోను కంయ్‌మంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల జాబితాలో మీ ఫ్లాట్ నంబరు, నలభై ఇళ్లవాళ్ల ఎదుట. మీరు కట్టేసి వారం దాటింది.

చెవులు వేడెక్కాయి. గొంతు కింద ఏదో బిగిసింది. బొటనవేలు అప్పటికే 'కళ్లు కనపడవా' దాకా కొట్టేసింది. అక్కడ ఆగింది. ఎక్కడుంది వేడి? చెవి తమ్మెల్లో ఎక్కువ, బుగ్గల్లో తక్కువ. పోటు పోటుగానే వస్తోంది. కుక్కర్ ఒక కూత వేసింది. రెండోది వేసేసరికి బొటనవేలు కొట్టిందంతా చెరిపేసి, బ్యాంకు రసీదు వెతికి, ఫొటో తీసి పెట్టారు. కింద ఒకే ముక్క రాశారు: "ఐదో తారీఖునే పంపాను. చూసుకోండి."

ఆ 'చూసుకోండి'లో కాస్త కారం ఉంది. ఉండనీ.