గేమింగ్ లాప్‌టాప్ వేడెక్కడం

కంప్యూటరు ఆటలు ఆడుతున్నప్పుడు లాప్‌టాప్‌లో పుట్టే వేడి, దాని శీతలీకరణ వ్యవస్థ బయటకు పంపగలిగిన వేడిని మించిపోయే స్థితిని లాప్‌టాప్ అతిగా వేడెక్కడం అంటారు. ఆటలలో ప్రధాన ప్రాసెసరు, గ్రాఫిక్స్ ప్రాసెసరు రెండూ ఏకకాలంలో పనిచేయడం వలన గేమింగ్ లాప్‌టాప్‌లలో ఈ సమస్య ఎక్కువ.

వేడి ప్రయాణించే మార్గం

ప్రాసెసరు వినియోగించే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. గేమింగ్ లాప్‌టాప్‌లో ఈ రెండు ప్రాసెసర్లూ కలిసి 100 వాట్లకు మించి వినియోగించడం సాధారణం. ఈ వేడి థర్మల్ పేస్టు ద్వారా లోహపు పలకకు, అక్కడినుండి ఉష్ణనాళికలకు, చివరకు పలుచని లోహపు రెక్కలకు చేరుతుంది. ఫ్యాను ఆ రెక్కల మధ్యగా గాలిని పంపి వేడిని వెలుపలికి నెడుతుంది. ఉష్ణనాళికలోని ద్రవం వేడి కొన వద్ద ఆవిరై, చల్లని కొన వద్ద తిరిగి ద్రవంగా మారుతూ వేడిని మోసుకుపోతుంది.

లక్షణాలు

ఫ్యాను పెద్ద శబ్దం చేయడం, ఆట మొదట సాఫీగా నడిచి కొంతసేపటికి మందగించడం ముఖ్య లక్షణాలు. ఉష్ణోగ్రత సుమారు 95 నుండి 105 డిగ్రీల సెల్సియస్‌కు చేరినపుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. 2000లో విడుదలైన ఇంటెల్ పెంటియం 4లో కూడా ఇటువంటి ఏర్పాటు ఉంది. అందువలన ఈ మందగమనాన్ని ప్రాసెసరు చెడిపోయిందనడానికి గుర్తుగా భావించరాదు. వేడి ఇంకా పెరిగితే కంప్యూటరు ఆగిపోయి, భద్రపరచని పని నష్టమవుతుంది.

కారణాలు

* రెక్కల మధ్య దుమ్ము పేరుకొనడం.
* పరుపు, దిండు వంటి వాటిపై ఉంచడం వలన అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోవడం.
* థర్మల్ పేస్టు ఎండిపోవడం.
* పరిసరాల వేడి. చాలా లాప్‌టాప్‌లకు తయారీదారులు సూచించే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వేసవి పగళ్ళు తరచుగా 40 డిగ్రీలు దాటుతాయి.

నివారణ

* లాప్‌టాప్‌ను గట్టి, చదునైన బల్లపై ఉంచి వెనుక అంచును కొద్దిగా ఎత్తాలి.
* ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్యకు పరిమితి విధించాలి. సెకనుకు 60 ఫ్రేములు మాత్రమే చూపగల తెరకు 120 ఫ్రేములు తయారుచేయడం వలన వేడి పెరుగుతుంది.
* కంప్యూటరును ఆపి, చార్జరు తీసివేసి, ఫ్యాను తిరగకుండా పట్టుకొని గాలితో దుమ్మును ఊదాలి.
* పేస్టు మార్పిడిని అనుభవజ్ఞుడైన మెకానిక్‌తో చేయించడం మేలు. వారంటీ ఉన్నచో ముందుగా దాని నిబంధనలు చూసుకోవాలి.
* చల్లబరచడానికి ఫ్రిజ్‌లో పెట్టరాదు. లోపల తేమ చేరి సర్క్యూట్లు పాడవుతాయి.

బ్యాటరీ ప్రమాదం

నిరంతర వేడి లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. కీబోర్డు లేదా అడుగుభాగం ఉబ్బినట్లు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బినదని అనుమానించి, వాడకాన్నీ చార్జింగునూ వెంటనే ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం వలన మంటలు చెలరేగవచ్చు. దానిని సర్వీసు కేంద్రంలోనే మార్పించాలి.