చెడుగుడు, హాడుడు: గీత గీసే ముందే తేల్చుకోవాల్సినవి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో పెరిగిన ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా బెంగాలీల పక్కనే ఉంటున్నాయి. తెలుగువారి చెడుగుడు, బెంగాలీల హాడుడు రెండూ కబడ్డీ రూపాలే. అయినా కలిసి ఆడాలంటే ముందు నిబంధనలు కుదరాలి.

ఔటైనవారి సంగతి: ఎక్కువ తగాదాలు ఇక్కడే. సంజీవని పద్ధతిలో ఎదుటి జట్టులో ఒకరు ఔటైతే మనవాళ్లలో ఒకరు తిరిగి వస్తారు. గామినిలో జట్టంతా ఔటయ్యేదాకా ఎవరూ రారు. అమర్‌లో ఔటైనా బయటకు వెళ్లక్కర్లేదు, ఎదుటివారికి పాయింటు వస్తుంది. ఏ పద్ధతో ముందే చెప్పుకోకపోతే తొలి ఔట్‌కే ఆట ఆగిపోతుంది.

కూత: అధికారిక పోటీల్లో ‘కబడ్డీ’ అనే పలకాలి. సరదా ఆటలో ఎవరి కూత వారిదే అనుకోవచ్చు. కూత ఆగిందో లేదో తేల్చే అంపైర్ మాత్రం ఒక్కరే ఉండాలి. రెండు భాషలూ తెలిసినవారైతే మేలు.

పట్టు: నోరు మూయడం, గొంతు పట్టడం, జుట్టు లేదా బట్టలు లాగడం, కాళ్లతో కత్తెర వేయడం నిషిద్ధం. గాయాలయ్యేది వీటితోనే కనుక ఇందులో సర్దుబాటు పనికిరాదు.

కొలతలు: పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు, 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. స్థలం చిన్నదైతే ఆటగాళ్లను తగ్గించుకోవాలి.

దేశమంతటా ఇదే చిక్కు ఉండేది. 1950లో ఏర్పడిన అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఒకే నిబంధనావళికి బాట వేసింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆటైంది. ఇప్పటి పోటీలు సంజీవనికే దగ్గర. పేచీ వస్తే అదే పాటించడం తేలిక.