మూత్రపిండ వ్యాధుల పరిశీలనలో నర్సుల పాత్ర: చారిత్రక పరిణామం

ఉపోద్ఘాతం:
మూత్రపిండ చికిత్సా చరిత్ర ఎక్కువగా యంత్రాల చరిత్రగానే నమోదైంది. యంత్రాన్ని ఎవరు, ఎప్పుడు రూపొందించారన్నదే అందులో ప్రధానాంశం. అయితే ఆ యంత్రం ప్రాణాన్ని నిలపాలంటే రోగి స్థితిని గంటగంటకూ అంచనా వేసే నర్సు కూడా అంతే అవసరం. ఈ పాత్ర రూపొందిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి దశ:
1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, శరీరానికి నీరు పట్టడం, మూత్రంలో ఆల్బుమిన్ కనిపించడం, మూత్రపిండాలు చెడిపోవడం అనే మూడింటికీ గల సంబంధాన్ని ప్రకటించాడు. మూత్రాన్ని వేడిచేస్తే గడ్డకట్టే పదార్థమే అతనికి ఆధారం. 1842లో అక్కడే మూత్రపిండ రోగులకు రెండు వార్డులను ప్రత్యేకించారు. వ్యాధిని నయంచేసే చికిత్స లేని ఆ కాలంలో రోగిని రోజుల తరబడి గమనించడానికే ప్రాధాన్యం లభించింది.

డయాలసిస్ యుగం:
1943లో నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టంతో కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. 1945లో ఆ చికిత్సతో 67 ఏళ్ల మహిళ కోలుకుంది. కాని ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని తెరవవలసి రావడంతో దీర్ఘకాలిక రోగులకు అది అందలేదు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం చేతికి శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని ప్రవేశపెట్టింది. తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆ తరువాత 11 సంవత్సరాలు జీవించాడు.

ఒకసారి చేసే చికిత్స జీవితకాలపు చికిత్సగా మారడంతో నర్సు బాధ్యత కూడా మారింది. గంటల తరబడి సాగే ప్రక్రియను నడిపే పని క్రమంగా నర్సుల చేతికి వచ్చింది. డయాలసిస్‌కు ముందూ తరువాతా బరువు తూచడం, రక్తపోటు చూడడం, కాళ్లవాపును వేలితో నొక్కి పరీక్షించడం, తాగిన నీటినీ విసర్జించిన మూత్రాన్నీ లెక్కగట్టడం వారి నిత్యవిధులు. 1966లో ఫిస్టులా పద్ధతి వెలువడ్డాక, చేతితో తాకి దాని ప్రకంపనను గుర్తించడం, ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టకుండా కాపాడడం కూడా వాటిలో చేరాయి. ఒక కిలో బరువు పెరిగిందంటే దాదాపు ఒక లీటరు నీరు నిలిచిందని అర్థం. ఎంత నీటిని తొలగించాలన్న నిర్ణయానికి ఈ లెక్కే ఆధారం. లెక్క తప్పితే రక్తపోటు పడిపోవడమో, ఊపిరితిత్తుల్లో నీరు చేరడమో జరుగుతుంది.

తెలుగు నేలపై:
2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, 2016 నాటి జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదలకు ఈ చికిత్సను చేరువ చేశాయి. అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనుభవం మరొక అవసరాన్ని గుర్తుచేస్తుంది. అక్కడ మధుమేహం, అధిక రక్తపోటు లేనివారిలోనూ ఈ వ్యాధి కనిపిస్తోంది. మూత్రపిండాల సామర్థ్యం చాలావరకు తగ్గేదాకా రోగికి బాధ తెలియకపోవచ్చు. అందువల్ల గ్రామంలోనే రక్తపోటు, మూత్రంలో ప్రోటీను, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు జరగడం కీలకం.

ముగింపు:
బ్రైట్ వార్డు నుండి ఉద్దానం ఉపకేంద్రం వరకు, రోగిని క్రమం తప్పక గమనించి నమోదు చేయడమే ఈ చికిత్సకు పునాది. ఆ నమోదు చేసిన చేతులకు వైద్యచరిత్రలో తగిన స్థానం దక్కవలసి ఉంది.