యూనిఫాం వేసుకున్న శిల్పి

జింబాబ్వే రాతిశిల్పులలో పెద్ద పేరు నికోలస్ ముకొంబెరన్వా. కానీ ఆయన మొదట చెక్కింది రాయి కాదు, కొయ్య. 1940లో బుహెరాలో పుట్టాడు. సెరిమా మిషన్ బడిలో జాన్ గ్రోబర్ అనే స్విస్ ఫాదర్ దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాడు. ఆ ఫాదర్‌ది ఒకటే పట్టుదల: చర్చి స్తంభాల మీద, తలుపుల మీద బైబిల్ మనుషులకి ఆఫ్రికన్ ముఖాలే ఉండాలి, చెక్కేది ఆ కుర్రాళ్ళే కావాలి.

1962లో రొడీషియా రాజధాని సాలిస్‌బరీ (ఇప్పటి హరారే) చేరి పోలీసయ్యాడు. అక్కడి నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ ఫ్రాంక్ మెక్‌ఇవెన్ ప్రోత్సాహంతో రాయి మీదికి వచ్చాడు. ఈ కళాకారులకి ఎవరూ పాఠాలు చెప్పకూడదు, లోపలున్నది దానంతటదే బయటికొస్తుంది అన్నది మెక్‌ఇవెన్ సిద్ధాంతం. వినడానికి బానే ఉంది గానీ, మరి సెరిమాలో నేర్చుకున్నదంతా ఏమైనట్టు?

1965లో తెల్లవాళ్ళ ప్రభుత్వం తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. తర్వాత గెరిల్లా యుద్ధం ముదిరింది. ఆ ప్రభుత్వం ఇచ్చిన యూనిఫాం వేసుకుంటూనే, తీరిక వేళల్లో సర్పెంటైన్ రాళ్ళలోంచి పలకలు తేలిన నల్లవాళ్ళ ముఖాలు చెక్కాడు. నన్నడిగితే ఆయన జీవితంలో అసలు కథ ఈ రెండు పనుల మధ్యే ఉంది.

1976లో పోలీసు ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఉలి పట్టాడు. ఆయన కూతురు ఎన్నికా, అన్నదమ్ముల బిడ్డ నెస్బర్ట్ కూడా శిల్పులే. ఇద్దరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు.