రాత్రివేళ టో ట్రక్కు

బండి బురదలో దిగబడినచో ఊరివారందరు వచ్చి తలకొక చేయి వేయుట మన పల్లెలలో వాడుక. మోటారుకారు వచ్చిన తొలిదినములలో అమెరికాలోను ఇంతే. 1916లో టెనెసీ రాష్ట్రమందలి చట్టనూగా నగరము చెంత ఒక ఫోర్డు కారు వాగులో తలక్రిందులై పడినది. ఎర్నెస్ట్ హోమ్స్ అను గ్యారేజి యజమాని ఆరుగురు మనుష్యులను కూర్చుకొని, త్రాళ్లతో దానిని పైకి లాగుటకు ఎనిమిది గంటలు పట్టెనని చెప్పుదురు. ఆ శ్రమయే ఆయనను ఆలోచింపజేసినది. 1913 నాటి కాడిలాక్ కారు చట్రముపై మూడు స్తంభములు నిలిపి, ఒక కప్పీని, గొలుసును అమర్చెను. తరువాత దానిని సవరించి పేటెంటు పొందెను. టో ట్రక్కు పుట్టుక ఇది.

ఆరుగురి పని ఒక్కడు చేయగలుగుట గొప్ప విషయమే, సందేహము లేదు. అయితే ఆ ఒక్కడు ఎచట నిలిచియుండును? ఈ కథ చెప్పువారు సాధారణముగా ఈ ప్రశ్న వేయరు.

అర్ధరాత్రి దాటిన పిదప టెలిఫోను మ్రోగును. రాత్రి పాళీ డ్రైవరు లేచి పోవును. రహదారి అంచున చెడిన కారు, అందులో చలికి ముడుచుకొన్న కుటుంబము. వారిని తన క్యాబులో కూర్చుండబెట్టి, తాను నేలపై మోకరిల్లి కారు క్రింద గొలుసు బిగించును. వీపు వెనుక కొన్ని అడుగుల దూరమున వాహనములు దూసుకొనిపోవుచుండును. వాటిని నడుపువారిలో నిద్రమత్తులో ఉన్నవాడెవడో, త్రాగినవాడెవడో ఇతనికి తెలియదు. తన ఇంజను మ్రోతలో వచ్చెడు కారు చప్పుడైనను వినబడదు. ఆరుగురున్న దినములలో ఒకడైనను దారివైపు చూచుచుండెడివాడు కదా! పగలు నిషిద్ధస్థలమునుండి తమ కారును తీసికొనిపోయినందుకు ఈతనిని తిట్టినవారే రాత్రి ఈతని దీపముకొరకు ఎదురుచూతురనుట వేరే మాట.

2011 నుండి 2016 వరకు ఆ దేశమున ఈ వృత్తిలో 191 మంది పనిలో మరణించిరి. సంవత్సరమునకు లక్షమందికి దాదాపు 43 మంది; ప్రైవేటు పరిశ్రమలన్నిటి సగటుకు ఇది ఇంచుమించు 15 రెట్లు. ఆ మరణములలో పెక్కు వాహన ప్రమాదముల వలననే సంభవించినవి.

దారి ప్రక్క ఆగిన అత్యవసర వాహనమును చూచినచో వేగము తగ్గించి ప్రక్క వరుసకు తొలగవలెనను చట్టమును 1996లో దక్షిణ కరొలినా చేసినది. 2012 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములందును అట్టి చట్టములు వచ్చినవి. టో ట్రక్కులకు ఆ గౌరవము పెక్కుచోట్ల ఆలస్యముగానే లభించినది.

చట్టనూగాలో ఈ వాహనములకు 1995లో ఒక మ్యూజియము వెలసినది. హోమ్స్ యంత్రములను చూడవచ్చినవారు దాని ఆవరణలో ఒక గోడను గూడ చూతురు. విధినిర్వహణలో మరణించిన డ్రైవర్ల స్మారకమది, 2006లో నిర్మించిరి. ఏటేట దానిపై క్రొత్త పేర్లు చేరుచున్నవి.